గాయిడర్ గీత, మన కరువు మండలాలు

నేనుంటున్న దక్షిణ ఆస్ట్రేలియాలో 1865 నాటి గీత ఒకటి ఇప్పటికీ రైతుల నోట వినిపిస్తుంది. ఆ యేడు ఘోరమైన కరువు. బ్రిటిష్ వలస ప్రభుత్వం తన ప్రధాన సర్వేయరు జార్జ్ గాయిడర్‌ను పిలిచి, కరువు ఎంతవరకు పాకిందో చూసి రమ్మంది. ఆయన గుర్రమెక్కి దాదాపు 3,200 కిలోమీటర్లు తిరిగాడు. ఎక్కడ ఏ చెట్టు, ఏ పొద మొలుస్తోందో చూసి పటం మీద గీత గీశాడు. దానికి దక్షిణాన సేద్యం చేసుకోవచ్చు, ఉత్తరాన గొర్రెలు మేపుకోవచ్చు గానీ పైరును నమ్ముకోకూడదన్నాడు. ఏటా సుమారు 250 మిల్లీమీటర్ల వాన పడే హద్దుకు ఆ గీత దగ్గరగా ఉందని తర్వాత తేలింది.

ఆపైన కొన్నేళ్లు వానలు బాగా కురిశాయి. నాగలి సాగిన చోటికి వానే వెంట వస్తుందన్న నమ్మకం జనంలో పాకింది. భూముల కోసం ఒత్తిడి పెరిగి, 1874లో ప్రభుత్వం గీతను పక్కన పెట్టి ఉత్తరాది నేలలు అమ్మకానికి తెరిచింది. 1880 నుంచి మళ్లీ కరువు. క్వార్న్, హాకర్ ఊళ్ల దారిలో ఆనాటి రైతుల ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. రాతి గోడలున్నాయి, పైకప్పు లేదు. పొయ్యి గూడు చెక్కుచెదరలేదు, ముందు వాకిట్లో ఉప్పుపొదలు మొలిచాయి. ఊరొదిలి బెంగళూరు బస్సెక్కిన కుటుంబాలను చూస్తూ పెరిగిన కదిరివాణ్ని నేను. ఆ ఇళ్ల కథ నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ ప్రాంతపు కొండల్లో వేల యేళ్లుగా బతికిన ఆడ్న్యమథన ప్రజలకు ఆ నేల గుణం తెలుసు. వాళ్లను అడిగినవారు లేరు, వాళ్ల నేల మాత్రం లాక్కున్నారు.

1901లో ఆరు బ్రిటిష్ వలసలు కలిసి ఒక దేశమైనప్పుడు కూడా కరువే. తర్వాత దశాబ్దాల పాటు ఇక్కడి ప్రభుత్వాలు చేసిందీ మన ప్రభుత్వాలు చేసేదే. పైరు ఎండాక కరువు ప్రకటించడం, సాయం పంచడం, వాన పడగానే మరిచిపోవడం. 1989లో ఈ దేశం ఒక పెద్ద నిర్ణయం తీసుకుంది. వరద, తుపాను, కార్చిచ్చుల వరసలోంచి కరువును తీసేసింది. కరువు విపత్తు కాదు, ఈ నేల స్వభావం, దానికి ముందే సిద్ధపడాలన్నది 1992 నాటి జాతీయ కరువు విధానం.

ఆచరణ అంత సాఫీగా సాగలేదు. కరువు ప్రాంతాలను ప్రకటించే పద్ధతి వేరే పేరుతో కొనసాగింది. హద్దుకు ఇటువైపు వారికి సాయం దక్కితే, అటువైపు వారికి దక్కలేదు. ఆ పద్ధతి వల్ల రైతులు కరువుకు సిద్ధపడటం లేదని 2009లో ప్రభుత్వ సంఘమే తేల్చింది. 2014లో పద్ధతి మారింది. మీ ప్రాంతం జాబితాలో ఉందా అని అడగడం మాని, మీ ఇంటి రాబడి పడిపోయిందా అని అడగడం మొదలుపెట్టారు. 2019లో 390 కోట్ల డాలర్లతో శాశ్వత కరువు నిధి పెట్టారు. అందులోంచి ఏటా 10 కోట్ల డాలర్లు, వాన పడిన యేడు కూడా, సన్నద్ధతకే ఖర్చవుతాయి.

అయినా నదుల విషయంలో ఈ దేశం ఇంకా తడబడుతోంది. ముర్రే, డార్లింగ్ నదుల నీటిని పంచడానికి 2007లో చట్టం, 2012లో ప్రణాళిక వచ్చినా, 2018-19 వేసవిలో మెనిండీ దగ్గర డార్లింగ్‌లో లక్షల చేపలు చచ్చి తేలాయి.

ఇక్కడి పద్ధతులన్నీ మనకు పనికిరావు. ఇక్కడ ఒక్కో రైతుకు వేల ఎకరాలు. మనకు నాలుగైదు ఎకరాల మెట్ట. నీ కష్టం నువ్వే కాచుకో అని మన రైతుకు చెప్పడం అన్యాయం. వాన తీరూ వేరు. అనంతపురం ప్రాంతంలో సగటున 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, గాయిడర్ గీత దగ్గర పడేదానికి రెట్టింపు. కానీ వేరుశనగ ఊడలు దిగే వేళకు మూడు నాలుగు వారాలు మబ్బు మొహం చాటేస్తే, ఆ లెక్కంతా కాగితం మీదే మిగిలిపోతుంది.

కొత్త ఆలోచనలకు మన నేల గొడ్డుపోలేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన ఉమ్మడి అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. అది దయగా కాదు, చట్టమిచ్చిన హక్కుగా వచ్చింది. కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి వంగడాలు దూర ప్రాంతాలకూ పాకాయి. మన ఉమ్మడి జిల్లాతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానను, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి, ఊరంతా కూర్చుని నీటి లెక్క వేసి, రబీలో ఏం వేయాలో తేల్చుకున్నారు. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచే పద్ధతి ప్రకృతి సేద్యంలో నిలదొక్కుకుంటోంది.

లోపం మన విధానంలో ఉంది. పైరు పోయాక కరువు మండలాల జాబితా కోసం ఎదురుచూడాలి. పక్క మండలం పేరుండి మన పేరు లేకపోతే ఆందోళన చేయాలి. పేరున్నా పాస్‌బుక్కు లేని కౌలు రైతుకు ఇన్‌పుట్ సబ్సిడీ అందడం కష్టమే. ఆస్ట్రేలియా నుంచి మనం తీసుకోవాల్సినవి రెండే. సాయం మండలం పేరును బట్టి కాక కుటుంబం రాబడిని బట్టి, కౌలుదారుకు సైతం హక్కుగా అందాలి. వాన పడిన యేడే కరువు యేటికి నిధి పక్కన పెట్టాలి. వీటికి తోడు మన రైతులు ఒకసారి చేసి చూపించిన ఊరి నీటి లెక్కను ప్రతి పంచాయతీలో పక్కాగా అమలు చేయాలి.

గాయిడర్ మాట వినడానికి ఈ దేశానికి నూట పాతికేళ్లు పట్టింది. అంతకాలం మన రైతు ఆగలేడు. ఓటడగడానికి వచ్చేవారిని కదిరి నిలదీసి అడగాల్సిన ప్రశ్న ఇది: వచ్చే కరువుకు ఈ యేడు ఎంత దాచారు?