బగ్గుల బకాయి

మొన్నామధ్య ఒక శనివారం పొద్దున మెయిల్ తెరిస్తే, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రాసిన ఒక బగ్ రిపోర్టును మూసేశామని కబురు కనిపించింది. ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములో "రాష్ట్రం" అని టైపు చేస్తే ష కింద రావలసిన వత్తుల అడుగు భాగం కోసుకుపోతోందని, స్క్రీన్‌షాట్ జతచేసి మరీ పంపాను. ఏళ్ల తరబడి ఎవరూ పలకలేదు. చివరికి పలికింది కూడా మనిషి కాదు, ఒక బాట్. చాలాకాలంగా ఎవరూ కదిలించలేదు కాబట్టి మూసేస్తున్నానంది. వత్తు మాత్రం ఇవాళ్టికీ కోసుకుపోతూనే ఉంది.

కోపం వచ్చిన మాట నిజం. ఎక్కువసేపు నిలవలేదన్నదీ నిజం. ఎందుకు నిలవలేదో చెప్పే ముందు, ఈ పాత రిపోర్టుల గొడవకు ఉన్న చరిత్ర కొంత చెప్పాలి.

అప్పట్లో చాలా కంపెనీల్లో బగ్గుల జాబితా గుట్టుగా దాచుకునే చిట్టా. డెబియన్ లినక్స్ వాళ్లు 1997లో రాసుకున్న సామాజిక ఒప్పందంలో "సమస్యల్ని దాచం" అన్నది ఒక షరతుగా పెట్టుకున్నారు. తమ బగ్గుల జాబితా మొత్తం ఎప్పుడూ అందరికీ కనిపిస్తుందని మాటిచ్చారు. మరుసటి ఏడు మార్చి 31న నెట్‌స్కేప్ తన బ్రౌజర్ సోర్స్ కోడ్‌ను లోకానికి ఇచ్చేసింది. అలా మొదలైన మొజిల్లా ప్రాజెక్టు కోసం టెర్రీ వైస్‌మన్ బగ్‌జిల్లా రాశాడు. మొదట టిసిఎల్‌లో, తర్వాత పెర్ల్‌లో. ఇక ఎవరైనా తలుపు తట్టి "ఇదిగో, మీ తప్పు" అని చెప్పొచ్చు.

తలుపు తెరిస్తే జనం రాకుండా ఉంటారా? 1999 జులై నాటికి, కనీసం వడకట్టి కుదించని రిపోర్టులే 370కి పైగా పోగుపడ్డాయి. "ఫలానా పేజీ తెరిస్తే బ్రౌజర్ పడిపోతోంది" అని ఒకరు రాస్తారు. ఆ పేజీలో వందల వరసలుంటాయి, తప్పు ఏ వరసలో ఉందో ఎవరికి తెలుసు? ఇంజనీర్లకు అంత తీరిక లేదు. అందుకని మొజిల్లా వాళ్లు కోడ్ రాయడం రానివాళ్లను కూడా సాయం పిలిచారు. పేజీని దించుకుని, ఒక్కో ముక్కా చెరిపేస్తూ, తప్పు ఇంకా వస్తోందో లేదో చూడాలి. ఏది తీసేస్తే తప్పు మాయమవుతుందో అది ఉంచాలి, మిగతాదంతా తీసేయాలి. 5 బగ్గులు ఇలా వడకడితే గెకో ఇంజన్ విడుదల విందుకు ఆహ్వానం. 10 చేస్తే దాంతోపాటు ఒక బల్లి బొమ్మ. 20 చేస్తే టీమంతా సంతకాలు పెట్టిన టీషర్టు. దీనికి బగథాన్ అని పేరు పెట్టారు.

నాకు ఈ కథలో నచ్చేది బల్లి బొమ్మ కాదు. బకాయి తీర్చడమంటే బగ్గుల్ని సరిచేయడమే కాదని, ముందు ఎవరో ఒకరు కూర్చుని చదవాలని వాళ్లు గుర్తించడం.

నాలుగేళ్లు తిరక్కుండానే ఇంకో ముచ్చట చూశాం. మొజిల్లా మొదలుపెట్టిన వాళ్లలో ఒకడైన జేమీ జావిన్‌స్కీ, 2003లో గ్నోమ్ డెస్క్‌టాప్ వాళ్ల మీద విరుచుకుపడ్డాడు. గ్నోమ్ 2 అంతకుముందు ఏడాదే వచ్చింది. పాత వెర్షన్ మీద రాసిన రిపోర్టుల్ని "అది పాతది కదా" అని గంపగుత్తగా మూసేస్తున్నారనీ, తప్పులు సరిచేయడం విసుగుపని, కొత్తగా రాయడం సరదా కాబట్టి ప్రతిసారీ మొదటికొస్తున్నారనీ అతని ఆరోపణ. నిలకడలేని కుర్రకారు పద్ధతి అని ఎద్దేవా చేశాడు. మాట దురుసే, కానీ రిపోర్టు రాసి మూగజవాబు అందుకున్న వాళ్లెవరూ ఆ మాటను మర్చిపోలేదు.

ఇప్పుడా పని యంత్రాలు చేస్తున్నాయి. గిట్‌హబ్‌లో వాడే స్టేల్ బాట్‌ను ఏమీ మార్చకుండా పెట్టుకుంటే, 60 రోజులు కదలిక లేని రిపోర్టు మీద ముద్ర వేస్తుంది, మరో 7 రోజులకు మూసేస్తుంది.

అలాగని అన్నీ తెరిచి ఉంచితే? అదీ ఒక రకం అబద్ధమే. తెరిచి ఉన్న రిపోర్టంటే "చూస్తాం" అన్న మాట. పదివేల మందికి "చూస్తాం" అని చెప్పి ముగ్గురు మనుషులతో ప్రాజెక్టు నడిపేవాళ్లు ఎవర్ని చూస్తారు? పైగా ఆ పదివేలలో నిజంగా ప్రమాదకరమైనది కలిసిపోయి కనబడదు.

కానీ తెరిచి ఉంచబట్టే తీరినవీ ఉన్నాయి. బ్రౌజర్ వెనక్కి వెళ్లినా దాని టూల్‌టిప్ ముందే వేలాడుతోందని 2002లో ఒకరు మొజిల్లాకు రాశారు. 2023లో ఒక కొత్త వాలంటీరు దాన్ని సరిచేస్తే ఫైర్‌ఫాక్స్ 119లో వచ్చింది. ఫైళ్లు ఎంచుకునే కిటికీలో బొమ్మల నమూనాలు కనబడాలని గ్నోమ్‌కు 2004లో పెట్టిన అర్జీ 2022లో తీరింది. పద్దెనిమిదేళ్లు! ఈలోగా అదొక జోకుగా కూడా మారింది.

ఇక నా కోపం ఎందుకు చల్లారిందంటే, రెండేళ్ల కిందట ఇంకో ప్రాజెక్టులో పాత రిపోర్టులు సర్దే పనికి నేనే చెయ్యెత్తాను. మొదటి రోజు నలభై మూసేశాను. "పాత వెర్షన్, కొత్తదాంట్లో ఇంకా వస్తే మళ్లీ రాయండి" అన్న ఒకే వాక్యాన్ని కాపీ కొట్టి అతికించుకుంటూ పోయాను. సంఖ్య తగ్గుతుంటే ఇల్లు ఊడ్చినంత హాయిగా ఉంది. వాటిలో కన్నడ ఒత్తక్షరాల గురించి పదకొండేళ్ల నాటి రిపోర్టు ఒకటి ఉంది. ఆ రాత్రే ఆయన దగ్గర్నుంచి జవాబొచ్చింది. తిట్టలేదు. "మీరు ఒకసారి ప్రయత్నించి చూశారా?" అని మాత్రం అడిగారు.

చూడలేదు. చూస్తే నిమిషం పట్టింది, తప్పు అక్కడే ఉంది. ఆయనకు క్షమాపణ చెప్పి తిరిగి తెరిచాను. ఆ వారమంతా మిగతా ముప్పైతొమ్మిదీ ఒక్కొక్కటిగా నడిపి చూశాను. ఇరవైఆరు నిజంగానే పోయాయి. తొమ్మిది ఇంకా ఉన్నాయి. నాలుగు అర్థమే కాలేదు, అర్థం కాలేదనే రాశాను. రెండు మూయాల్సి వస్తే "ఇది మేం చేయలేం, ఫలానా కారణం" అని రాయడానికి చాలాసేపు ఆలోచించాను. బగ్‌జిల్లాలో దానికి మొదట్నుంచీ వోంట్‌ఫిక్స్ అని ఒక ముద్ర ఉంది. కరుకుగా ఉంటుంది గానీ, దాని వెనక చదివిన మనిషి ఒకడున్నాడని తెలుస్తుంది. బాట్ ముద్ర వెనక ఎవరూ లేరు.

మొన్నటి మెయిల్‌కు జవాబు రాసేటప్పుడు నేనూ ఎవర్నీ తిట్టలేదు. స్క్రీన్‌షాట్ తీసేశాను. నా పాత రిపోర్టులో ఉన్న పేరా మొత్తాన్ని కోసి కోసి ఒక్క మాటకు తెచ్చాను: రాష్ట్రం. ఏ ఫాంటు, ఎంత సైజు, వరసల మధ్య ఎంత ఎడం ఉంటే వత్తు తెగుతోందో రాశాను. తిరిగి తెరవమని అడిగాను.

తెరిచారు. ప్రస్తుతానికి అంతే.