ఆండ్రే విలాస్ బోయాస్

ఆండ్రే విలాస్ బోయాస్ (జననం: 1977 అక్టోబరు 17, పోర్టో) పోర్చుగల్‌కు చెందిన మాజీ ఫుట్‌బాల్ మేనేజర్, 2024 నుంచి పోర్టో క్లబ్ అధ్యక్షుడు. పూర్తి పేరు లూయిస్ ఆండ్రే ది పినా కబ్రాల్ ఇ విలాస్ బోయాస్. వృత్తి ఆటగాడిగా ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే శిక్షకుడయ్యారు. 33 ఏళ్ల వయసులో యూరోపా లీగ్ గెలిచి, యూరప్ క్లబ్ టోర్నీ సాధించిన అతి పిన్న వయస్కుడైన మేనేజర్‌గా రికార్డుకెక్కారు. పోర్చుగల్, ఇంగ్లండ్, రష్యా, చైనా, ఫ్రాన్స్ దేశాల్లో పెద్ద జట్లను నడిపి, 43 ఏళ్లకు ఆ పని మానుకున్నారు. ఎంతోమంది మేనేజర్లకు అసలు ఊపు వచ్చేదే ఆ వయసులో.

బాబీ రాబ్సన్ పొరుగున

విలాస్ బోయాస్ నాయనమ్మ ఇంగ్లండు మనిషి. అందుకే ఇంట్లో చిన్నప్పటి నుంచే ఇంగ్లిష్ అలవడింది. ఆ భాషే ఆయన బతుకుదారిని మార్చింది. 1994లో పోర్టోకు మేనేజర్‌గా వచ్చిన ఇంగ్లండు దిగ్గజం బాబీ రాబ్సన్, విలాస్ బోయాస్ కుటుంబం ఉండే అపార్టుమెంటులోనే దిగారు. అప్పటికి కుర్రాడికి 16 ఏళ్లు. తన అభిమాన ఆటగాడు డొమింగోస్ పసియెన్సియాను ఎందుకు ఆడించడం లేదని రాబ్సన్‌కు చీటీ రాశాడు. పెద్దాయన నొచ్చుకోలేదు. ఆ వాదనను లెక్కలతో నిరూపించి చూపమన్నారు. కుర్రాడు తెచ్చిన విశ్లేషణ నచ్చడంతో క్లబ్‌లో పరిశీలన విభాగంలో పని ఇప్పించారు. స్కాట్లండ్‌లో శిక్షకుల కోర్సు చేయడానికి, ఇంగ్లండ్‌లో ఇప్స్‌విచ్ టౌన్ జట్టు సాధనను దగ్గరుండి చూడడానికి సిఫారసు చేసిందీ ఆయనే. అలా 17 ఏళ్లకే మొదటి శిక్షక లైసెన్సు చేతికొచ్చింది.

ఈ కథను అదృష్టం ఖాతాలో వేసేవారున్నారు. రాబ్సన్ పక్కింట్లో దిగడం అదృష్టమే. చీటీ తర్వాత అడిగిన లెక్కలు పట్టుకెళ్లడం మాత్రం శ్రమ.

21 ఏళ్ల వయసులో కరీబియన్ సముద్రంలోని బ్రిటిష్ వర్జిన్ దీవుల జాతీయ జట్టుకు కొంతకాలం సాంకేతిక డైరెక్టర్‌గా పనిచేశారు. అది ప్రపంచకప్ అర్హత పోటీల్లోకి అప్పుడప్పుడే అడుగుపెడుతున్న జట్టు. 2000లో బెర్ముడాతో ఆడిన తొలి రెండు అర్హత మ్యాచ్‌ల్లో 1-5, 0-9తో ఓడింది. విలాస్ బోయాస్ అక్కడి నుంచి పోర్టో యువ జట్ల దగ్గరికి తిరిగొచ్చారు.

మొరీన్యో వెంట

2002లో జోసె మొరీన్యో పోర్టో మేనేజర్ కాగానే ప్రత్యర్థులను చదివే పని విలాస్ బోయాస్‌కు అప్పగించారు. మొరీన్యో 2004లో చెల్సీకి, 2008లో ఇటలీలోని ఇంటర్ మిలాన్‌కు వెళ్లినప్పుడు ఈయనా వెంట వెళ్లారు. ప్రత్యర్థి జట్ల మ్యాచ్‌లనే కాదు, కొన్నిసార్లు ఎవరూ గుర్తుపట్టకుండా వారి సాధననూ చూసి వచ్చేవారు. ఏ డిఫెండర్‌కు ఏ కాలు బలహీనం, బంతి పోగానే ఎవరు వెనక్కి పరుగెత్తరు, ఎవరు త్వరగా కోపం తెచ్చుకుంటారు వంటివన్నీ నివేదికలో ఉండేవి. ఆ నివేదిక ఒక్కో ఆటగాడి చేతికీ అందేది. పోర్టో 2003లో యుయెఫా కప్, 2004లో ఛాంపియన్స్ లీగ్ గెలవడంలో ఈ తెరవెనుక పనికీ వాటా ఉంది.

ఇంకా పెద్ద బాధ్యత కావాలన్న కోరికతో 2009 అక్టోబరులో గురువును వదిలి, కొయింబ్రా నగరంలోని అకాదెమికా జట్టు పగ్గాలు అందుకున్నారు. అప్పటికి ఆ జట్టు ఒక్క విజయం కూడా లేకుండా పట్టికలో అట్టడుగున ఉంది. సీజన్ ముగిసేసరికి 11వ స్థానానికి చేరింది, లీగ్ కప్‌లో సెమీస్ దాకా వెళ్లింది. పోర్టోకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

2010-11: ఓటమి లేని లీగ్

2010 జూన్‌లో, 32 ఏళ్ల వయసులో, విలాస్ బోయాస్ పోర్టో మేనేజర్ అయ్యారు. అంతకుముందు సీజన్‌లో మూడో స్థానంతో సరిపెట్టుకున్న జట్టు అది. వెనుక నుంచి ఆటను ముందుకు నెట్టే ఫెర్నాందో, స్పోర్టింగ్ నుంచి తెచ్చుకున్న జొవావ్ మొటీన్యో, కుడి అంచున బ్రెజిల్ బలశాలి హల్క్, మధ్యలో కొలంబియా గోల్ వేటగాడు రాదమెల్ ఫల్కావ్. వీరిని 4-3-3 అమరికలో నిలిపి, బంతి పోయిన చోటే తిరిగి లాక్కునే ఆట నేర్పారు. డిఫెన్స్ పంక్తి మైదానం మధ్యకు దగ్గరగా ఉండేది. వెనుక ఖాళీ వదలడంలో ప్రమాదం ఉన్నా, ముందున్నవారు ఊపిరి సలపనీయకుండా వెంటాడుతుంటే ఆ ఖాళీలోకి బంతి వేసే తీరిక ఎవరికీ దొరికేది కాదు.

లీగ్‌లో 30 మ్యాచ్‌లు ఆడి 27 గెలిచారు, మూడు డ్రా చేసుకున్నారు. ఓటమి లేకుండా లీగ్ గెలవడం పోర్టో చరిత్రలో అదే మొదటిసారి. రెండో స్థానంలో నిలిచిన బెన్ఫికాకు, పోర్టోకు మధ్య 21 పాయింట్ల ఎడం. నవంబరులో సొంత మైదానంలో బెన్ఫికాను 5-0తో చిత్తుచేశారు. 2011 ఏప్రిల్ 3న లిస్బన్‌లో, అదే బెన్ఫికా మైదానంలో 2-1తో గెలిచి టైటిల్ ఖాయం చేసుకున్నారు. సంబరాలు మొదలవగానే స్టేడియం దీపాలు ఆరిపోయాయి, గడ్డి తడిపే నీళ్లు పైకి చిమ్మాయి. చీకట్లో తడుస్తూనే పోర్టో ఆటగాళ్లు చిందులేశారు. పోర్చుగల్ ఫుట్‌బాల్ అభిమానులు నేటికీ మరిచిపోని దృశ్యమది.

యూరోపా లీగ్ సెమీస్ తొలి అంచెలో స్పెయిన్ జట్టు విల్లారియల్‌పై 5-1తో నెగ్గారు. అందులో నాలుగు గోల్స్ ఫల్కావ్‌వే. మే 18న డబ్లిన్‌లో జరిగిన ఫైనల్‌లో బ్రాగాపై 1-0తో గెలిపించిన ఏకైక గోల్ కూడా అతనిదే. ఆ రోజు బ్రాగా మేనేజర్ ఎవరో కాదు, డొమింగోస్ పసియెన్సియా. ఏ ఆటగాడి కోసం 16 ఏళ్ల కుర్రాడు చీటీ రాశాడో, ఆ ఆటగాడే ఎదుటి బెంచి మీద ఉన్నాడు. నాలుగు రోజులకు పోర్చుగల్ కప్ ఫైనల్‌లో విటోరియా గిమరాయిష్‌ను 6-2తో ఓడించారు. సీజన్ ఆరంభంలో నెగ్గిన సూపర్ కప్‌తో కలిపి ఒకే ఏడాదిలో నాలుగు ట్రోఫీలు.

ఇంగ్లండ్‌లో రెండు ఉద్యోగాలు

2011 జూన్‌లో చెల్సీ దాదాపు 1.5 కోట్ల యూరోల పరిహారం పోర్టోకు చెల్లించి ఆయన్ను తీసుకెళ్లింది. ఒక శిక్షకుడి కోసం అంత సొమ్ము అప్పట్లో చాలా అరుదు. మొరీన్యో కాలం నాటి యోధులతో నిండిన జట్టును కొత్తగా తీర్చిదిద్దడం ఆయన ముందున్న పని. ఫ్రాంక్ లాంపార్డ్, దిదియే ద్రోగ్బా ఇద్దరూ 1978లో పుట్టినవారు, అంటే మేనేజర్ కంటే నెలల తేడాతో చిన్నవాళ్లు. రిజర్వు గోల్‌కీపర్ ఇలారియో అయితే రెండేళ్లు పెద్ద. కొన్నేళ్ల కిందట తమకు నివేదికలు అందించిన సహాయకుడే ఇప్పుడు తమను పక్కన కూర్చోబెడుతుంటే వారు సులువుగా జీర్ణించుకోలేకపోయారు.

మైదానంలోనూ కష్టమే ఎదురైంది. పోర్టోలో ఫలించిన ఎత్తయిన డిఫెన్స్ పంక్తికి చెల్సీలో వేగం చాలలేదు. 2011 అక్టోబరులో ఆర్సెనల్ చేతిలో సొంతగడ్డపై 3-5తో ఓడినప్పుడు ఆ లోపం అందరికీ కనబడింది. 2012 ఫిబ్రవరిలో నాపోలీతో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌కు లాంపార్డ్, యాష్లీ కోల్, ఎసియెన్‌లను బెంచికి పరిమితం చేసి 1-3తో ఓడారు. మార్చి 4న వేటు పడింది. అదే జట్టు రెండు నెలల తర్వాత సహాయకుడు రొబెర్తో ది మత్తెయో చేతుల్లో ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. దీన్ని బట్టి తప్పంతా కుర్ర మేనేజర్‌దే అని తీర్పు చెప్పడం న్యాయం కాదు. మూడేళ్ల ఒప్పందమిచ్చి, మార్పు తెమ్మని పిలిచి, ఆ మార్పు మొదటి నొప్పికే క్లబ్ వెనక్కి తగ్గింది. అయితే పెద్దలను ఒప్పించకుండా పక్కన పెట్టిన తొందర ఆయనదే.

నాలుగు నెలల్లో లండన్‌లోనే టోటెన్‌హామ్‌లో చేరారు. 2012 సెప్టెంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌ను వారి ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 3-2తో ఓడించారు. 1989 తర్వాత టోటెన్‌హామ్‌కు అక్కడ అదే తొలి గెలుపు. గారెత్ బేల్ 21 లీగ్ గోల్స్‌తో విజృంభించాడు. జట్టు 72 పాయింట్లు తెచ్చుకుంది. ప్రీమియర్ లీగ్‌లో ఆ క్లబ్‌కు అప్పటిదాకా అదే అత్యధికం. అయినా ఒక్క పాయింటు తేడాతో ఐదో స్థానంలో ఆగిపోయి ఛాంపియన్స్ లీగ్‌కు దూరమైంది. మరుసటి వేసవిలో బేల్ ప్రపంచ రికార్డు ధరకు రియల్ మాడ్రిడ్ వెళ్లిపోయాడు. ఆ డబ్బుతో ఏడుగురు కొత్తవారు వచ్చారు. వారు ఒకరికొకరు అలవాటు పడేలోపే మాంచెస్టర్ సిటీ చేతిలో 0-6, లివర్‌పూల్ చేతిలో 0-5 ఓటములు ఎదురయ్యాయి. 2013 డిసెంబరు 16న ఆయన పదవి ముగిసింది.

సెయింట్ పీటర్స్‌బర్గ్, షాంఘై

2014 మార్చిలో రష్యా జట్టు జెనిత్‌లో చేరారు. పోర్టోలో తన చేతికింద ఆడిన హల్క్ అక్కడ ముందే ఉన్నాడు. 2014-15లో లీగ్, 2015లో సూపర్ కప్, 2016లో రష్యా కప్ గెలిచారు. 2015-16 ఛాంపియన్స్ లీగ్ గ్రూపులో మొదటి ఐదు మ్యాచ్‌లూ నెగ్గారు. విదేశీ ఆటగాళ్ల సంఖ్యపై రష్యా లీగ్ పెట్టిన పరిమితిని బాహాటంగా విమర్శించేవారు. ఇంగ్లండ్‌లో పడిన మచ్చను రష్యా చెరిపిందనే చెప్పాలి. కానీ ఆ మూడు ట్రోఫీల గురించి పడమటి యూరప్ పెద్దగా మాట్లాడుకోలేదు.

చైనా క్లబ్‌లు డబ్బు కుమ్మరిస్తున్న కాలంలో, 2016 నవంబరులో షాంఘై ఎస్‌ఐపీజీకి వెళ్లారు. హల్క్ అక్కడా ఉన్నాడు. లీగ్‌లో రెండో స్థానం, చైనా కప్‌లో రన్నరప్, ఆసియా ఛాంపియన్స్ లీగ్‌లో సెమీస్. అన్నీ అంచుదాకా వచ్చి జారిపోయినవే. ఏడాదికే వైదొలగి, 2018 జనవరిలో డకార్ ర్యాలీలో కారు నడిపారు. పెరూ ఇసుక తిన్నెల్లో ప్రమాదం జరిగి, వెన్నుకు గాయంతో పోటీ నుంచి తప్పుకున్నారు.

మార్సెయ్, ఆ తర్వాత

2019 మేలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ పగ్గాలు చేపట్టారు. కరోనాతో మధ్యలో ఆగిన 2019-20 సీజన్‌లో జట్టు రెండో స్థానంలో నిలిచి, ఏడేళ్ల తర్వాత ఛాంపియన్స్ లీగ్‌లోకి వచ్చింది. 2020 సెప్టెంబరులో పారిస్ సెయింట్ జెర్మేన్‌ను 1-0తో ఓడించారు. లీగ్‌లో ఆ ప్రత్యర్థిపై 2011 తర్వాత మార్సెయ్‌కు దక్కిన తొలి విజయం అది. ఛాంపియన్స్ లీగ్‌లో మాత్రం గ్రూపులో ఆఖరి స్థానమే మిగిలింది. అదే గ్రూపులో ఉన్న పోర్టో రెండుసార్లూ ఓడించింది. 2021 ఫిబ్రవరి 2న, తాను వద్దన్న ఆటగాడిని క్లబ్ కొన్నదని విలేకరుల ముందే రాజీనామా ప్రకటించారు. తనకు డబ్బేమీ అక్కర్లేదని, వెళ్లిపోతే చాలని అన్నారు. చెల్సీలో అధికారం చాలని కుర్ర మేనేజర్‌కు, మార్సెయ్‌లో మాట చెల్లని మేనేజర్‌కు మధ్య పదేళ్లు గడిచాయి. పేచీ మాత్రం ఒక్కటే: జట్టును ఎవరు నిర్మించాలి?

2024 ఏప్రిల్ 27న పోర్టో సభ్యులు ఆ అధికారాన్ని ఆయనకే అప్పగించారు. 1982 నుంచి అధ్యక్ష పీఠం మీదున్న, 2010లో తనకు మేనేజర్ పదవి ఇచ్చిన జార్జి నూనో పింటో ద కోస్టాపై దాదాపు 80 శాతం ఓట్లతో గెలిచారు. మొదటి ఏడాది సులువుగా సాగలేదు. మేనేజర్ విటోర్ బ్రూనోను తొలగించి, అర్జెంటీనాకు చెందిన మార్టిన్ అన్‌సెల్మిని తెచ్చారు. కొన్ని నెలలకే ఆయననూ పంపేశారు. 2025 జులైలో ఆ పదవికి ఎంచుకున్నది 36 ఏళ్ల ఇటలీ మేనేజర్ ఫ్రాన్చెస్కో ఫరియోలిని. అప్పటికే ఫరియోలి తుర్కియే, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ జట్లకు శిక్షణ ఇచ్చి ఉన్నారు.