నంబర్ల వెనుక ఊరు

జూబిలీహిల్స్ చరిత్ర చెప్పమంటే అందరూ ఒకే మాటతో మొదలుపెడతారు: పూర్వం అక్కడ రాళ్లూ రప్పలూ తప్ప ఏమీ లేవని. తరగతిలో నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను. ఒకసారి 'మా ఊరు' అని వ్యాసం రాయమంటే, తాముండే గల్లీకి పేరుందనీ, అమ్మ ఇళ్లలో పనిచేసే చోట రోడ్డుకు నంబరే ఉంటుందనీ ఒక అమ్మాయి రాసింది. ఆమెది షేక్‌పేట. నేను చెబుతూ వచ్చింది సగం చరిత్రేనని ఆ రోజు తెలిసింది.

షేక్‌పేట నిన్నమొన్నటి ఊరు కాదు. కుతుబ్‌షాహీల నాటి సరాయి, మసీదు అక్కడ నేటికీ నిలిచి ఉన్నాయి. బాటసారులకు గదులు, వారి జంతువులకు సాలలు ఉన్న రెండంతస్తుల కట్టడమది. సరాయి ఉన్నచోట నీళ్లు తోడేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, కట్టెలు మోసేవాళ్లు ఉండితీరాలి. గుట్టలు వాళ్లకు ఖాళీ స్థలాలు కావు, బతుకుతెరువు. 'ఏమీ లేవు' అనే మాటకు 'దస్తావేజు ఉన్నవాడెవడూ లేడు' అనే అర్థమొకటి ఉందని మనం గమనించాలి.

మెహదీ నవాజ్ జంగ్ ఈ గుట్టల్లో బండల మధ్య ఇల్లు కట్టుకున్నాడు. లంబాడీలు తిరిగిన ఆ నేలకు బంజారా అనే పేరు మిగిలింది. 1937లో బంజారాహిల్స్, జూబిలీహిల్స్ ప్రాంతాలను కలిపి ఒక మునిసిపాలిటీ చేశారు. ఏడో నిజాం రజతోత్సవం జరిగిందీ ఆ ఏడే. 1960ల్లో సహకార గృహనిర్మాణ సంఘం వచ్చి గుట్టను ప్లాట్లుగా కోసింది. వీధులకు రోడ్డు నంబర్లు వచ్చాయి. ఊళ్లో వీధి పేరు అక్కడి కులాన్నో, వృత్తినో, బావినో చెబుతుంది. నంబరు ఏమీ చెప్పదు.

ఆ తర్వాత సినిమా వచ్చింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైంది. మద్రాసు నుంచి పరిశ్రమ క్రమంగా తరలివస్తుండగా ఫిల్మ్‌నగర్ వెలిసింది. ఇక్కడొక వైచిత్రి ఉంది. స్టూడియోల్లో అట్టలతో, ప్లాస్టర్‌తో రచ్చబండలు, పెంకుటిళ్లు వేసి తెలుగు పల్లెను చిత్రించారు. ఆ గోడకు అవతలే నిజమైన పల్లె పట్నంలో కరిగిపోతుంటే కెమెరా అటు తిరిగింది అరుదు.

బండలు తమంతట తాము పగలలేదు. పగలగొట్టిన చేతులున్నాయి. మేడలకు పనిచేసేవాళ్లు మేడల దాపునే ఉండాలి గనుక ఫిల్మ్‌నగర్ పక్కన జ్ఞానీ జైల్‌సింగ్ నగర్ వంటి బస్తీలు పుట్టాయి. యూసుఫ్‌గూడ దగ్గర కృష్ణానగర్ గల్లీలు జూనియర్ ఆర్టిస్టులతో నిండాయి. పల్లెజనం కొలిచిన పెద్దమ్మ మాత్రం చోటు కదలలేదు. 1990ల్లో ఆమె గుడి గోపురాలతో పెరిగింది. ఇప్పుడు ఆమె చిరునామాకూ రోడ్డు నంబరుంది.

అయితే పోయిన పల్లెను తలచుకొని కన్నీళ్లు పెట్టడం అభ్యుదయ దృక్పథం కాదు. ఆ పల్లెలో వెట్టి ఉంది, అంటరానితనం ఉంది. పట్నం కూలి డబ్బు ఇచ్చింది, ఆ అమ్మాయికి బడినిచ్చింది. నా అభ్యంతరం మార్పు మీద కాదు. మార్పును మోసినవాళ్ల పేర్లు మార్పు చరిత్రలో లేకపోవడం మీద. నేటికీ ఈ ప్రాంతపు భూముల కాగితాల్లో 'షేక్‌పేట గ్రామం' అనే రాస్తారు. అంటే ఆస్తికి ఊరు గుర్తుంది. సాహిత్యానికే గుర్తులేదు. సినీ రంగం మీద మనకు నవలలున్నాయి, వాటిలో తారలున్నారు, నిర్మాతలున్నారు. ఆ స్టూడియో పునాది తవ్విన వడ్డెర కుటుంబం కథకు ఎన్ని పుటలు కేటాయించాం?

ఇప్పుడు నా పిల్లలు సెలవుల్లో ముసలివాళ్లనడిగి పాత గల్లీల పేర్లు, బావుల పేర్లు నోటుబుక్కుల్లో రాసుకొస్తున్నారు. ఒకే బావికి రెండు వాడలవాళ్లు రెండు పేర్లు చెబుతున్నారు. ఎందుకో అడిగి రమ్మన్నాను. ఎవరు ఏ బావిలో నీళ్లు తోడకూడదో ఆ జవాబుల్లో బయటపడుతోంది. ఆ నోటుబుక్కులు చదవడానికి రచయితలు మా బడికి రావాలని నా కోరిక. అడిగితే చెప్పగల ముసలివాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.