నెత్తుటి కాలువలు



మా యాప్రాల్ వంటి యూళ్లలో చెరువు క్రింద సేద్యము చేసినవారికి నేను చెప్పబోవు విషయము సులభముగ బోధపడును. తూమున నీరెంత యున్నను, పిల్లకాలువ పూడినచో చివరి మడి యెండును. మన దేహమునకును అదియే ధర్మము. మా అన్నగారి గుండెనాళములు పూడినప్పుడు వైద్యులు వారి కాలిసిరను తీసి గుండెకు అతికిరి. కొన్నియేండ్లకు మరల ఆ యవసరము కలిగెను గాని, పనికివచ్చు సిర మిగులలేదు. "నాళమును మనుష్యుడు చేయలేడటరా తమ్ముడూ?" అని వారడిగిరి. ఆ ప్రశ్నయే నన్నీ చరిత్రకు పురికొల్పినది.

1661లో ఇటలీ పండితుడు మాల్పీఘీ, కప్ప ఊపిరితిత్తులయందు కేశనాళికలను సూక్ష్మదర్శినితో కనుగొనెను. తెగిన నాళములను కుట్టు విధానమును నేర్పిన అలెక్సిస్ కారెల్‌కు 1912లో నోబెల్ బహుమానము లభించెను. 1952లో అమెరికా వైద్యుడు వూర్హీస్, ఆయన సహచరులు వస్త్రముతో చేసిన గొట్టములను కుక్కల నాళములలో నిలిపి చూపిరి. వస్త్రనాళము పెద్ద కాలువలకు చెల్లెను. 6 మిల్లీమీటర్లకంటె సన్నని వానిలో మాత్రము నెత్తురు గడ్డకట్టుచుండెను. జీవముగల లోపలిపూత దానికి లేకుండుటయే ప్రధాన కారణము. మన హైదరాబాదుననే 1990ల దశకమున అబ్దుల్ కలాంగారును, డాక్టరు సోమరాజుగారును కలిసి తక్కువ వెలకు స్టెంటును రూపొందించిరి. అది ఇరుకైన నాళమును తెరచి నిలుపును గాని, క్రొత్త నాళము కాదు.

ఇక సూక్ష్మప్రవాహ విద్య. వెండ్రుకవంటి కాలువలలో ద్రవములు సుడితిరుగవు. ఒకదాని ప్రక్క నొకటి పొరలుగా సాగును. 2013లో టోక్యో విశ్వవిద్యాలయపు తకెయుచి మొదలగువారు ఈ గుణమునే వాడుకొనిరి. నడుమ జీవకణముల ధారను, దానిచుట్టు సముద్రపు నాచునుండి తీసిన రసమును, ఆపైని కాల్షియపు నీటిని నడపిరి. కాల్షియము సోకినంతనే నాచురసము గట్టిపడి, జంతికల గొట్టమునుండి వచ్చినట్లు మీటరు పొడవు పోగు వెలువడెను. నాళముల లోపలిపూతకు చెందిన కణములను అందుంచగా, అవి తమంతట గొట్టముగా అమరెను.

2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము, మానవకణములతో పెంచిన యొక నాళమును గాయపడిన కాలుసేతుల చికిత్సకు అనుమతించెను. అది సూక్ష్మప్రవాహమున పుట్టినది కాదు, పెద్ద నాళము. సూక్ష్మప్రవాహమున చేసిన నాళికలు నేటికి ముఖ్యముగా ప్రయోగశాలలలో మందుల పరీక్షకే వినియోగపడుచున్నవి. కేశనాళికకు మిల్లీమీటరులో అయిదవవంతుకు మించిన దూరమున నున్న కణము సాధారణముగా బ్రతుకజాలదు. కావున పిల్లకాలువ త్రవ్వుట రానిదే, దళసరియైన అవయవమును నిర్మించుట పొసగదు.

మా అన్నగారు నేడు లేరు. వారి ప్రశ్నకు సగము జవాబు దొరకినది: పెద్ద కాలువ వచ్చినది, పిల్లకాలువ యింకను రావలసియున్నది.