హార్లన్, జాన్ మార్షల్
హార్లన్, జాన్ మార్షల్ (1833 జూన్ 1 – 1911 అక్టోబర్ 14): అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి, జాతి సమానత్వాన్ని సమర్థిస్తూ రాసిన అసమ్మతి తీర్పులవల్ల ప్రసిద్ధుడు. కెంటకీ రాష్ట్రంలో, బానిసలు గల కుటుంబంలో జన్మించాడు. అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనలో కర్నలుగా పోరాడినా, బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ రాజ్యాంగ సవరణను మొదట వ్యతిరేకించాడు. 1877లో అధ్యక్షుడు రూథర్‌ఫర్డ్ హేస్ సుప్రీంకోర్టుకు నియమించగా, మరణించేవరకు దాదాపు 34 ఏళ్లు ఆ పదవిలో ఉన్నాడు. 1883 నాటి పౌరహక్కుల కేసుల్లో అసమ్మతి తెలిపింది ఆయనొక్కడే. 1896లో ప్లెస్సీ వర్సెస్ ఫెర్గూసన్ కేసులో, రైళ్లలో నల్లజాతివారికి వేరు పెట్టెలు కేటాయించిన లూసియానా చట్టాన్ని ఏడుగురు న్యాయమూర్తులు సమర్థించారు. రాజ్యాంగం పౌరుల మధ్య వర్ణభేదం పాటించదని హార్లన్ విభేదించాడు. అదే అసమ్మతిలో చైనీయుల గురించి రాసిన మాటలు మాత్రం ఈ సూత్రానికి పొసగవు. హార్లన్ వాదనకు అనుగుణంగానే, ప్రభుత్వ పాఠశాలల్లో జాతివారీ విభజన చెల్లదని సుప్రీంకోర్టు 1954లో తీర్పిచ్చింది. అదే పేరుగల ఆయన మనుమడు 1955–71 మధ్య ఆ కోర్టులోనే న్యాయమూర్తిగా పనిచేశాడు.