జొన్నచేలో సంఘబలం



రోహిణీకార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళు ఏనాడో అన్నారు. అంచేత ఎండ అన్నది మనకి కొత్త కాదు. ఆ రోహిణి ఎండ ఫాల్గుణంలోనే మొహం చూపించడం, రావలసిన వాన రావలసినప్పుడు రాకపోవడం, వచ్చిందంటే నాలుగు నెలల వానా నాలుగు రోజుల్లో కుమ్మరించి పోవడం - ఇదీ కొత్త! 2015 మే నెలలో వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. నీడపట్టున కూర్చుంటే పూట గడవని కూలిజనం మీద, ముసలివాళ్ళ మీద అలాంటి ఎండ ముందుగా దెబ్బ తీస్తుంది.

దీనికి కారణం ఏమిటని శాస్త్రజ్ఞుల్ని అడిగితే గాలిలో పెరిగిపోతున్న బొగ్గుపులుసు వాయువును చూపిస్తారు. మనం బొగ్గూ, పెట్రోలూ, డీసెలూ కాల్చినప్పుడల్లా అది గాలిలో చేరుతుంది. చేరి, భూమికి దుప్పటి కప్పినట్టు వేడిని పైకి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండమీద దీన్ని కొలవడం మొదలుపెట్టారు. అప్పుడు గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 315 పాళ్ళు ఉన్న వాయువు, ఇప్పుడు 420 దాటిపోయింది. ఒక్క మనిషి ఆయుర్దాయం నిండకుండానే ఇంత మార్పు!

"ఇంత పెద్ద విషయంలో వంటింట్లో ఉండే మనం చేయగలిగింది ఏముందండీ?" అని మీలో చాలామంది అనుకుంటూ ఉండవచ్చు. సబబైన ప్రశ్నే. దానికి జవాబుగా నేను ఉపన్యాసం చెప్పను, ఒక చరిత్ర చెబుతాను. ఇది రాజులదీ కాదు, యుద్ధాలదీ కాదు. హైదరాబాదు నుంచి బొంబాయి రోడ్డు పట్టుకుని సుమారు వంద కిలోమీటర్లు వెడితే జహీరాబాదు వస్తుంది. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. ఆ చుట్టుపక్కల పల్లెల్లోని ఆడవాళ్ళ చరిత్ర ఇది.

అక్కడ నేల కొంత ఎర్రది, కొంత నల్లది. పెద్ద కాలువలు లేవు, వర్షాధారమే గతి. తరతరాలుగా జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అలసంద - ఇవీ అక్కడి పంటలు. నేను చెప్పబోయే స్త్రీలలో చాలామంది దళిత కుటుంబాలవాళ్ళు. కొందరికి సెంటు భూమి లేదు. కొందరికి ఉన్న ఎకరమో, రెండెకరాలో కూడా రాళ్ళూ రప్పలూ నిండిన చవకరకం భూమి. కూలి దొరికిన రోజు తినడం, దొరకని రోజు పస్తుండడం.

1983లో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఏర్పడింది. దాన్ని స్థాపించినవారిలో ముఖ్యులు పి.వి. సతీష్‌గారు. అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తయారుచేసిన మనిషి. 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ సంస్థ ఊరూరా ఆడవాళ్ళను సంఘాలుగా కూర్చింది. పగలంతా చేలల్లో పని, సాయంత్రం ఇంట్లో పని. అంతా అయ్యాక రాత్రిపూట సంఘం కూర్చునేది. తలా కాస్త డబ్బు పొదుపు చేయడంతో మొదలైంది. భూతాపం అన్న మాట అప్పుడు వాళ్ళు వినను కూడా లేదు. వాళ్ళు కూర్చున్నది ఆకలి గురించి మాట్లాడుకోవడానికి!

అదే 1983వ సంవత్సరంలో మన రాష్ట్రంలో మరొక పెద్ద సంగతి జరిగింది. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చే పథకం పెట్టింది. ఆకలితో ఉన్న ఇంటికి అది ఎంత మేలు చేసిందో మనందరికీ తెలుసు. దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అయితే మంచి పనికి కూడా మనం ఎదురుచూడని ఫలితాలు కొన్ని ఉంటాయి. రేషను దుకాణంలో బియ్యం చవగ్గా దొరుకుతుంటే, కష్టపడి పండించిన జొన్నకు అడిగేవాడెవడు? వరి పండని మెట్టభూములు చాలాచోట్ల బీళ్ళు పడ్డాయి. బీడు పడితే కూలి లేదు. కూలి లేకపోతే ఆ చవక బియ్యం కొనడానికి కూడా డబ్బు లేదు. చూశారా, చిక్కు ఎక్కడ పడిందో!

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. జొన్న మన వంటిళ్ళలోంచి పోవడానికి ప్రభుత్వం ఒక్కటే కారణం కాదు. జొన్నలు దంచడం, కొర్రలు పొట్టు తీయడం, తిరగలి తిప్పడం, పొయ్యి ముందు కూర్చుని ఒక్కొక్క రొట్టే తట్టడం - ఈ చాకిరీ అంతా ఆడదాని రెక్కలమీదే పడేది. బియ్యమైతే కడిగి ఎసట్లో పోస్తే చాలు. పైగా వరి అన్నం తినడం అంటే పరువు. జొన్నరొట్టె అంటే పేదరికం. చుట్టాలొస్తే రొట్టెలు దాచి అన్నం వండిన ఇళ్ళెన్నో! కనుక పాతరోజులన్నీ బంగారమని చెప్పడం నా ఉద్దేశం కాదు.

జహీరాబాదు సంఘాలవాళ్ళు ఏం చేశారో ఇప్పుడు చెబుతాను. మొదట తమకున్న చవకరకం భూముల్లో రాళ్ళు ఏరి, గట్లు వేసి, ఎరువు తోలి బాగుచేసుకున్నారు. భూమి లేనివాళ్ళు కొందరు కలిసి కౌలుకు తీసుకుని ఉమ్మడిగా సేద్యం చేశారు. ఊరి బంజర్లలో చెట్లు పెంచారు. తరవాత 1990ల నడుమ ఒక కొత్త ఏర్పాటు చేసుకున్నారు. బీడుపడిన పొలాలున్న రైతులకు దున్నడానికీ, విత్తడానికీ, ఎరువుకీ సంఘం అప్పు ఇస్తుంది. ఆ అప్పును రైతు డబ్బుతో కాదు, పండిన జొన్నలతో తీర్చాలి. అలా వచ్చిన జొన్నలు పట్నం గోదాముకు పోవు, ఆ ఊళ్ళోనే నిలవ ఉంటాయి. ఆషాఢ శ్రావణాల్లో పాత గింజలు అయిపోయి, కొత్తపంట చేతికిరాని రోజుల్లో, ఊళ్ళో అందరికన్నా పేదవాళ్ళకు చవగ్గా ఇస్తారు.

మరి పేదవాళ్ళెవరో తేల్చేదెవరు? ఏ ఆఫీసు గుమాస్తానో కాదు. ఊరివాళ్ళే ఒకచోట చేరి, అందరిముందూ ఒక్కొక్క ఇంటి సంగతీ మాట్లాడుకుని నిర్ణయించుకునేవారు. ఎవరింట్లో పొయ్యి ఎన్నిసార్లు రాజుతుందో ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి! దూరాన్నుంచి లారీల్లో రావలసిన రేషను, ఊళ్ళోనే మొలిచి ఊళ్ళోనే పంచబడిందన్నమాట.

రెండో పని విత్తనం. కొత్త వంగడాలు వచ్చాక పాత విత్తనాలు చాలా ఇళ్ళలో మాయమయ్యాయి. సంఘం స్త్రీలు వాటిని వెతికి వెతికి, ఏ ముసలమ్మ ఉట్టిమీదో మిగిలిన పిడికెడు గింజల్ని కూడా తెచ్చి పెంచారు. బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి, మట్టితో పైన మెత్తి నిలవచేశారు. ఊరికొక విత్తనాల బ్యాంకు ఏర్పడింది. విత్తనం కావలసినవాళ్ళు తీసుకెళ్ళి, పంట వచ్చాక తీసుకున్నదానికి కొంత కలిపి తిరిగి ఇవ్వాలి. వడ్డీ కూడా గింజల్లోనే! ఆ పాత పంటల విత్తనాలను ఎడ్లబళ్ళమీద అలంకరించి, ఏటా సంక్రాంతి రోజుల్లో మొదలుపెట్టి, నెల్లాళ్ళపాటు ఊరూరా జాతర జరపడం ఆనవాయితీ చేసుకున్నారు.

ఇక ఈ కథకు ఎండతోనూ వానతోనూ ఉన్న సంబంధం దగ్గరికి వద్దాం. ఆ స్త్రీలు ఒక చేలో ఒకే పంట వేయరు. ఒక్క ఎకరంలోనే పది పన్నెండు రకాలు, ఇంకా ఎక్కువ కూడా కలిపి చల్లుతారు. జొన్న పక్కన కంది, కంది కింద పెసర, గట్టుమీద గోగు, ఇలాగన్నమాట. వాన ముందొచ్చి తరవాత మొహం చాటేసిందనుకోండి, తొందరగా చేతికొచ్చే కొర్ర, పెసర దక్కుతాయి. ముందు రాక వెనక వచ్చిందనుకోండి, ఆలస్యంగా కోతకొచ్చే కంది నిలుస్తుంది. అన్నీ పోయే సంవత్సరం అరుదు. సజ్జ మూడునెలల లోపే కోతకొస్తుంది, తక్కువ వానకీ ఎక్కువ వేడికీ ఓర్చుకుంటుంది. నల్లరేగడిలో చలికాలం వేసే శనగ, కుసుమ, అవిసె వంటివాటిని వాళ్ళు 'సత్యం పంటలు' అంటారు. వాననీ, బావినీ నమ్ముకోకుండా, నేలలో దాగిన తేమా, రాత్రి పడే మంచూ ఆధారంగా, కేవలం సత్యంమీద పండే పంటలని వాళ్ళ భావం. ఎంత అందమైన పేరో చూడండి!

ఇంకో సంగతి. వరిమడిలో నీళ్ళు నిలవ ఉండాలి. ఆ నీటికింద గాలి ఆడని బురదలోంచి మీథేన్ అనే వాయువు పుడుతుంది. వేడిని పట్టి ఉంచడంలో అది బొగ్గుపులుసు వాయువుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ నీటికోసం బోరుబావి తోడాలి, తోడడానికి కరెంటు కావాలి, ఆ కరెంటులో ఎక్కువభాగం బొగ్గు కాల్చి తీసిందే. జొన్నచేనుకు నిలవనీరూ అక్కరలేదు, మోటారూ అక్కరలేదు. పశువుల ఎరువుతో సరిపెట్టుకుంటే సంచుల ఎరువూ తగ్గుతుంది. ఆకలి తీర్చుకోవడానికి వాళ్ళు పట్టుకున్న దారి, భూమికి దుప్పటి దళసరి కాకుండా చూసే దారి కూడా అయింది.

ఈ సంఘాలకు మనలాంటి రేడియో శ్రోతలను ప్రత్యేకంగా ఆకర్షించే విశేషం ఒకటుంది. తమ మాట తామే చెప్పుకోవడానికి వాళ్ళు సొంత రేడియో పెట్టుకున్నారు! గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా ఇలాంటి స్వచ్ఛంద సంస్థలకు రేడియో నడిపే అవకాశం 2006లోగాని రాలేదు. ఆ లోపల వాళ్ళు చేతులు ముడుచుకు కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, సంఘాల్లో టేపురికార్డర్లమీద వినిపించుకున్నారు. చివరకు 2008 అక్టోబరు 15న మాచ్‌నూరు గ్రామంలో సంఘం రేడియో ప్రసారాలు ప్రారంభమయ్యాయి. ఆనాటి తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్‌గారే దాన్ని ప్రారంభించారు. నడిపిన ఇద్దరు యువతుల పేరూ నర్సమ్మే. ఏ చేలో ఏ పురుగు పట్టింది, ఏ విత్తనం ఎవరిదగ్గరుంది, ఏ రోగానికి ఏ ఆకు, ఏ పాట ఏ పండగది - అన్నీ వాళ్ళ యాసలో, వాళ్ళ నోటితోనే!

ఒక దశలో ఈ సంఘాలు సుమారు 75 గ్రామాల్లో 5 వేలమంది స్త్రీలకు విస్తరించాయి. 2013లో దేశం ఆహార భద్రతా చట్టం చేసినప్పుడు బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలనూ చేర్చింది. అలా చేర్చాలని అడిగినవారిలో సతీష్‌గారు, ఆయనతో కలిసి పనిచేసిన చిరుధాన్యాల రైతులూ ఉన్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వాళ్ళ సొసైటీకి దక్కింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకుంది. దానికి నలభై ఏళ్ళ ముందే పస్తాపూరు పల్లెల్లో సంఘాలు కూర్చున్నాయని మనం గుర్తుంచుకుంటే న్యాయంగా ఉంటుంది.

అయితే ఆ కొద్దివేల ఎకరాల జొన్నచేలతో భూగోళం చల్లబడిందా అని అడిగితే, లేదనే చెప్పాలి. ఫ్యాక్టరీలు, విద్యుత్కేంద్రాలు, సంపన్న దేశాలు చేయవలసిన పని అవే చేయాలి. బొగ్గు దాదాపు కాల్చని ఆ స్త్రీలమీదికే ముందుగా కరువు వస్తోంది. ఇది న్యాయం కాదు. కాని కరువు వచ్చినప్పుడు నిలబడే శక్తి ఎక్కడినుంచి వస్తుందో వాళ్ళు చూపించారు. పిడికెడు విత్తనం ఒక్క ఇంటి ఉట్టిమీద ఉంటే ఎలకలు తినెయ్యవచ్చు. ఊరి బ్యాంకులో ఉంటే అది ఆస్తి. నేనొక్కర్తెనీ జొన్నరొట్టె తింటానంటే అది నా ఇష్టం, రేపు విసుగొస్తే మానేస్తాను. పదిమంది కలిసి ఒప్పుకుంటే అది కట్టుబాటు అవుతుంది, తరవాత ఆచారం అవుతుంది. వ్యక్తి చేసే మంచిపనికి సంఘం వెన్నెముక వంటిది. ఈ చరిత్ర మనకు చెప్పే మాట ఇదేనని నా అభిప్రాయం.

పట్నంలో ఉన్న మనకు చేలు లేవు నిజమే. వంటిళ్ళున్నాయి, ఇరుగుపొరుగులున్నారు. ఇప్పుడు దంచే పని మిల్లు చేసిపెడుతోంది, కాబట్టి పాత చాకిరీ లేదు. దుకాణంలో అందమైన పొట్లంలో దొరికే కొర్రలు సన్నబియ్యంకంటే ఖరీదుగా ఉంటున్నాయి. అది కూడా నిజమే. దానికీ ఉపాయం సంఘమే. మీ మేడమీద వాటాలవాళ్ళో, మీ వీధివాళ్ళో పది ఇళ్ళవాళ్ళు కలిసి ఒక బస్తా జొన్నలు, ఒక బస్తా కొర్రలు పండించినవాళ్ళదగ్గరే తెప్పించుకుని పంచుకోండి. ధర తగ్గుతుంది, పండించినవాళ్ళకు నాలుగు డబ్బులు ఎక్కువ దక్కుతాయి. వారానికి రెండు పూటలు అన్నం బదులు రొట్టో, సంకటో, కొర్రల ఉప్మానో చేసి చూడండి. పిల్లలు మొదట్లో మూతి ముడుస్తారు, పక్కింటి పిల్లలూ అదే తింటున్నారని తెలిస్తే తింటారు. కూరగాయల తొక్కలు చెత్తబండిలో వేస్తే అవి గుట్టల్లో కుళ్ళి అదే మీథేన్ పుట్టిస్తాయి. పది ఇళ్ళకు కలిపి పెరట్లో ఒక ఎరువుగుంట తవ్వించుకుంటే, పూలమొక్కలకు ఎరువు కొనే పనే ఉండదు. మహిళామండలి ఉన్నచోట ఇవన్నీ ఇంకా తేలిక.

ఇవి చిన్నపనులే. జహీరాబాదులో కూడా రాత్రిపూట నలుగురు ఆడవాళ్ళు కూర్చుని తలా కాస్త పొదుపు చేయడమే మొదటి పని. ఈ ఆదివారం మధ్యాహ్నం మీ గుమ్మంలోకి ఇరుగుపొరుగుల్ని పిలిచి, ఎవరింట్లో నెలకి బియ్యం ఎన్ని కిలోలు ఖర్చవుతున్నాయో ఒక్కసారి లెక్క వేసుకోండి. మిగతా మాటలు అక్కడినుంచి వాటంతట అవే వస్తాయి.