పుట్టపాక చిటికి, కెమెరా చూపు: నిఘాను తప్పించే బట్టల గురించి ఒక పరిశీలన

నిఘా కెమెరాను తికమకపెట్టే బట్టల మీద పదిహేనేళ్లుగా ప్రయోగాలు సాగుతున్నాయి. వాటిలో పేరు పొందినవి చాలావరకు టీషర్టు మీదో, స్వెటరు మీదో, కోటు మీదో జరిగినవే. అందుకే పోచంపల్లి చిటికి (ఇక్కత్) చీరలు చూసిన డిజైన్ విద్యార్థులు తరచు ఒక ప్రశ్న అడుగుతుంటారు: కంటినే ఇంత అల్లాడించే ఈ గళ్లు, ఈ చెదిరిన అంచులు కెమెరాను మోసం చేయలేవా? ఉన్నవి ఉన్నట్టుగా చేయలేవన్నది నా జవాబు. ఎందుకు చేయలేవో చూస్తే మాత్రం మగ్గం గురించీ, తెలంగాణలో కెమెరా ఎవరి ముఖాన్ని అడుగుతోందన్న దాని గురించీ కొన్ని సంగతులు బయటపడతాయి.

ఈ పరిశీలన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల గురించి. 2016 అక్టోబరు విభజనతో భూదాన్ పోచంపల్లి, పుట్టపాక యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లాయి. నేతకు పేరున్న గద్వాల అప్పుడే వేరు జిల్లా అయింది, నారాయణపేట 2019లో అయింది. నేత మాత్రం ఈ గీతల్ని పట్టించుకోలేదు.

ముందు యంత్రం ఎలా చూస్తుందో చెప్పాలి. 2001లో వయోలా, జోన్స్ రూపొందించిన పద్ధతి ముఖాన్ని వెలుగునీడల తేడాలతో పట్టుకునేది. కళ్ల దగ్గర చీకటి, బుగ్గల మీద వెలుగు, మధ్యలో ముక్కు దూలం కనిపిస్తే చాలు, అది ముఖమని తేల్చేది. 2010లో ఆడమ్ హార్వీ అనే కళాకారుడు జుట్టుతో, రంగులతో ఆ లెక్కను చెడగొట్టి చూపించాడు. తర్వాత హైపర్‌ఫేస్ పేరుతో దాన్ని తిరగేసి, ముఖాల్లాంటి ఆకారాలతో నిండిన బట్టను తయారుచేయించాడు. అసలు ముఖాన్ని దాచే పని లేకుండా, దొంగ ముఖాల గుంపులోకి దాన్ని వదిలేయడం ఆ పథకం. 2019లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పొట్ట ముందు ఒక రంగుల అట్ట పట్టుకుని నిలబడ్డారు. మనుషుల్ని గుర్తించే 'యోలో' సాఫ్ట్‌వేర్ రెండో రూపం వాళ్లను లెక్కలోకే తీసుకోలేదు. ఆ అట్ట మీది బొమ్మను చిత్రకారుడెవరూ గీయలేదు. యంత్రం 'ఇక్కడ ఏదో ఉంది' అని వేసుకునే మార్కు తగ్గేదాకా కంప్యూటరు రంగుల్ని వేలసార్లు సవరించగా అది తేలింది.

మన ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే ఉంది. చిటికి నమూనా కంటికి వింతగా ఉన్నా, క్రమం తప్పదు. ఒక మూల చూస్తే మిగతాది ఊహించవచ్చు. పైగా ఆ చీర కట్టుకున్న మనిషికి తల, భుజాలు, చేతులు, నడక ఎలాగూ ఉంటాయి. యంత్రాన్ని మోసం చేసే బొమ్మ ఆ యంత్రం బలహీనత చుట్టూ పుట్టాలి. మన కంటిని అల్లాడించేదల్లా యంత్రాన్నీ అల్లాడిస్తుందనుకోవడం పొరపాటు.

అయితే అలాంటి బొమ్మను కంప్యూటరులో తయారుచేసి పుట్టపాకలో నేయిస్తే? ఈ ప్రశ్న నాకు మరింత ఆసక్తికరం. అద్దకంలో బొమ్మ బట్ట పైన పడుతుంది. చిటికిలో అది నేతకు ముందే నూలులో ఉంటుంది. గ్రాఫు కాగితం మీద డిజైను గీసి, ఆసు అనే చట్రం మీద పేకను చుట్టి, గళ్ల లెక్కన రబ్బరు పట్టీలతో ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి మరో రంగులో ముంచుతారు. ఆసు పోయడంలో చేతికి పడే శ్రమను చింతకింది మల్లేశం కనిపెట్టిన లక్ష్మీ ఆసు యంత్రం తగ్గించింది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలులో పడుగు, పేక రెండూ ఇలా ముందే రంగు కట్టుకుని వస్తాయి. నూలును నూనెలో, బూడిద నీళ్లలో పదేపదే నానబెడతారు. రంగులు మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. ఈ నేతకు గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ దక్కాయి.

గళ్ల కాగితం మీద పుట్టే బొమ్మ కాబట్టి కంప్యూటరు బొమ్మను చిటికిలోకి దించడం తేలికే అనిపిస్తుంది. రెండు చిక్కులున్నాయి. మొదటిది రంగులు. 2016లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముఖ గుర్తింపును తప్పించే కళ్లజోడు ఫ్రేములు చేసినప్పుడు, ప్రింటరు అచ్చు వేయలేని రంగుల్ని లెక్కలోంచే తీసేయాల్సి వచ్చింది. చిటికిలో ఈ కట్టడి ఇంకా గట్టిది. ప్రతి కొత్త రంగూ మరో విడత ముడులు, మరోసారి ముంచడం. రెండో చిక్కు అంచు. ముడి కింద రంగు కొంచెం పాకుతుంది, నేసేటప్పుడు పోగు కొంచెం జరుగుతుంది. ఆ చెదురే చిటికికి అందం. సన్నని వివరాల మీద ఆధారపడే బొమ్మకు అదే నష్టం. మరోవైపు 2022లో చైనాలోని సింఘువా పరిశోధకులు ఎటు కత్తిరించినా, ఎటు నుంచి చూసినా పనిచేసేలా, అంచు అంచుకు అతికే నమూనాతో బట్ట చేశారు. గజాల కొద్దీ ఒకే నమూనా సాగే నేతకు టీషర్టు మధ్య అతికించిన బొమ్మకన్నా ఈ పద్ధతి దగ్గర.

ఇక మడతల మాట. 2020లో అమెరికా పరిశోధకులు చేసిన టీషర్టు తెర మీది పరీక్షలో 74 శాతం, ఒంటి మీద వేసుకున్నప్పుడు 57 శాతం ఫలించింది. ముడతల్ని ముందే లెక్కలోకి తీసుకున్నాక కూడా ఇంత తేడా. కుచ్చిళ్లు, పైట, కొంగుతో ఒకే బట్ట ఒకే ఒంటి మీద మూడు రకాలుగా మడతపడే చీర సంగతి వేరే చెప్పాలా?

వీటన్నిటికన్నా పెద్ద అడ్డంకి కాలం. పడుగూ పేకా రెండూ కట్టే నేతకు వారాలు పడతాయి. ఆ బట్ట దశాబ్దాలు నిలుస్తుంది. యోలో రెండో రూపం వచ్చిన కొద్ది కాలానికే, 2018లో మూడోది వచ్చింది. తర్వాత వరస ఆగలేదు. ఒకదాన్ని మోసం చేసిన బొమ్మ తర్వాతిదాన్ని మోసం చేస్తుందన్న హామీ లేదు. ఇటలీలో క్యాప్‌ఏబుల్ సంస్థ బొమ్మను నూలులోనే అల్లిన బట్టలు అమ్ముతోంది, వాటిలో ఉన్న మనిషిని యంత్రం జిరాఫీగానో కుక్కగానో చదువుతుందని చెబుతోంది. అక్కడ అల్లేది యంత్రం. అదే పని గుంటమగ్గం మీద పెట్టుకుంటే బట్ట కోతకు వచ్చేసరికి అది ఓడించాల్సిన సాఫ్ట్‌వేర్ పాతబడి ఉంటుంది. నేతన్నకు అలాంటి ఆర్డరు ఇవ్వమని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఈ నేల మీద కెమెరాను నిజంగా కాసేపు ఇబ్బంది పెట్టగలిగేది బహుశా చిటికి బట్ట కాదు, గొంగడి. 2013లో హార్వీ డ్రోన్ల ఉష్ణ కెమెరాను తప్పించడానికి వెండిపూత బట్టతో దుస్తులు చేయించాడు. కురుమలు దక్కని గొర్రె ఉన్నితో నేసే మందపాటి గొంగడిని తల మీదుగా కొప్పెర పెట్టుకుంటే ఒంటి వేడి పైకి రావడం ఆలస్యమవుతుంది. బట్ట వెచ్చబడ్డాక ఆ లాభం తగ్గుతుంది, ముఖం ఎలాగూ బయటే ఉంటుంది.

ముఖం దగ్గరే అసలు విషయం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం జనం గుమిగూడే సంస్థల్లో కెమెరాలు తప్పనిసరి చేసింది. 'నేను సైతం' పేరుతో దాతల డబ్బుతో కాలనీలకూ ఊళ్లకూ కెమెరాలు వచ్చాయి. 2018లో తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో ముఖ గుర్తింపు చేరింది. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. కానీ ఈ వ్యవస్థ మీద కోర్టుకెక్కిన వివాదం స్తంభం మీది కెమెరాతో పుట్టలేదు. 2021 మే లాక్‌డౌన్‌లో హైదరాబాదులో పోలీసులు సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను ఆపి, మాస్కు తీయమని అడిగి, ఆయన ఒప్పుకోకపోయినా ట్యాబ్‌తో ఫొటో తీసుకున్నారు. ఆయన వేసిన వ్యాజ్యంపై 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. మూరెడు దూరంలో ట్యాబ్ పట్టుకుని నిలబడ్డ పోలీసు ముందు చొక్కా మీద ఏ బొమ్మ ఉంటే ఏం?

ముఖానికి అడ్డం పెట్టిన మామూలు గుడ్డ బొమ్మల బట్టకన్నా బాగా పనిచేసిందన్నదీ నిజమే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020 జులైలో ఇచ్చిన నివేదికలో, మాస్కు పెట్టిన ముఖాలను పోల్చినప్పుడు మంచి సాఫ్ట్‌వేర్లకు సైతం తప్పులు 5 నుంచి 50 శాతం దాకా వచ్చాయి. మాస్కు లేనప్పుడు మేలైన వాటికి తప్పు 0.3 శాతమే. కొన్ని నెలల్లోనే కొత్త సాఫ్ట్‌వేర్లు మెరుగుపడ్డాయి. నల్లగొండ ఎండకు చున్నీని కళ్లదాకా చుట్టుకుని స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలకు నిఘా సిద్ధాంతాలతో పనిలేదు. అయినా కార్నెగీ మెలన్ కళ్లజోడుకన్నా ఆ చున్నీయే ముఖాన్ని ఎక్కువగా కప్పుతుంది.

కప్పుకోవడం వల్ల నష్టపోయేవాళ్లు కూడా ఈ జిల్లాల్లో ఉన్నారు. పాలమూరు వలసను కొంతైనా ఆపుతుందనుకున్న ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి మొబైల్ యాప్‌లో రోజుకు రెండుసార్లు, స్థలం, సమయం నమోదయ్యేలా కూలీల ఫొటో పెట్టడం తప్పనిసరి అయింది. ఫొటో ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. ప్రభుత్వ పింఛనుదారులు టీ యాప్ ఫోలియో అనే మొబైల్ యాప్‌లో సెల్ఫీతో తాము బతికే ఉన్నామని నిరూపించుకునే ఏర్పాటు 2019లో వచ్చింది. ఇటలీలోనో బెల్జియంలోనో పుట్టిన ఈ దుస్తుల ఆలోచన, కనపడకుండా ఉండడం మనిషికి లాభమన్న ఊహ మీద నిలబడింది. ఎండలో కొంగు నెత్తికి చుట్టుకుని తట్ట మోసే కూలీ ఫొటో వేళకు కొంగు సరిచేసుకుని కెమెరా వైపు తిరగాలి. ఆమెకు భయం కెమెరా చూస్తుందని కాదు, చూడదేమోనని.

కాబట్టి చిటికి చీరల మీద ప్రయోగం చేయదలచినవారు యోలో మార్కులతో ఆగకూడదని నా అభిప్రాయం. నారాయణపేట గళ్ల చీర కట్టి తలమీద కొంగు వేసుకున్న స్త్రీని, దస్తీ చుట్టుకున్న పురుషుణ్ణి, కొప్పెర పెట్టుకున్న గొర్రెల కాపరిని ఈ సాఫ్ట్‌వేర్లు ఇప్పటికే ఎంత తరచుగా వదిలేస్తున్నాయో ముందు కొలవాలి. వీటికి శిక్షణ ఇచ్చిన ప్రసిద్ధ ఫొటో సంకలనం కోకోను ఇంటర్నెట్‌లో ఫ్లికర్ నుంచి సేకరించారు, పాలమూరు మడికట్ల నుంచి కాదు. ఎవరూ మోసం చేయాలనుకోకుండానే యంత్రం పొరబడుతున్న చోట్లు ఆ కొలతలో తేలితే, హాజరు పట్టీ పోయిన కూలీ తరఫున అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది.